పొయ్యి వెలగొచ్చు, నాగలి కదలకూడదు

యూదుల పండగరోజు ఏ పని చెయ్యొచ్చు, ఏది మానాలి? ఆ నియమాలకు గ్రంథంలో ఆధారం ఎక్కడుంది? పుదుచ్చేరి మిల్లు వీధుల నుంచి చేబ్రోలు పక్కన ఉన్న తెలుగు యూదుల వాడ దాకా ఈ వారం ముఖచిత్ర కథనం.

పుదుచ్చేరి మహాత్మాగాంధీ రోడ్డులో ఆదివారం పెద్ద దుకాణాల షట్టర్లు చాలావరకు దించే ఉంటాయి. ఆ షట్టర్ల ముందే పేవ్‌మెంటు పొడవునా సంత మొదలవుతుంది. చొక్కాలు, చెప్పులు, గిన్నెలు, పిల్లల బొమ్మలు. దుకాణదారుకు సెలవు దొరికిన చోటే పేవ్‌మెంటు మీద బట్ట పరిచినవాడికి వారం మొత్తానికి పెద్ద బేరం. ఆ సంత నాకు ఇష్టం. అయినా అక్కడ నడిచినప్పుడల్లా, ఇంతకీ సెలవు ఎవరిది అన్న ప్రశ్న వెంట వస్తూనే ఉంటుంది.

ఈ ఊరు ఆ ప్రశ్నకు ప్రాణాలిచ్చి జవాబు రాబట్టుకుంది. 1936 జులై 30న సవానా మిల్లు దగ్గర సమ్మె చేస్తున్న కార్మికుల మీద ఫ్రెంచి పాలకులు కాల్పులు జరిపించారు. 12 మంది చనిపోయారు. వి. సుబ్బయ్య నాయకత్వంలో సాగిన ఆ పోరాటం వల్లే 1937లో ఫ్రెంచి ఇండియాకు కార్మిక చట్టం వచ్చింది, రోజుకు ఎనిమిది గంటల పని హక్కయింది. ఆసియాలో అది మొదటిదని ఇక్కడివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అంతకు ముందు 1890 జూన్‌లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే వెంట నిలబడి ఆదివారం సెలవు సాధించుకున్నారు. మనం చొక్కా ఇస్త్రీ మానేసి పడుకునే ఆదివారం వెనక ఇంత కథ ఉంది.

పని ఆపడం యజమాని ఇష్టానికి వదిలెయ్యకుండా చట్టంగా రాసిపెట్టిన అతి పాత గ్రంథాల్లో యూదుల తోరా ఒకటి. మన బైబిలు మొదటి ఐదు కాండాలే అది. పుదుచ్చేరికి యూదు ప్రపంచంతో ఒక చుట్టరికం కూడా ఉంది. శ్రీఅరవిందాశ్రమాన్ని నడిపిన శ్రీమాత, మిర్రా అల్ఫాసా, 1878లో పారిస్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది టర్కీ, తల్లిది ఈజిప్టు. మతాచారాలకు దూరంగా బతికిన ఇల్లు అది. ఆమె 1920లో ఇక్కడ స్థిరపడి, 1973లో కన్నుమూసేదాకా నిర్మించిన ఆశ్రమ జీవితంలో పనే సాధన. వడ్రంగం, వంట, అచ్చుపని, అన్నీ సమర్పణలే. ఆమె పూర్వీకుల గ్రంథమేమో పని ఆపడాన్ని ఆరాధనగా నిలబెట్టింది. నాకు ఇవి రెండూ ఎదురెదురు దారులనిపించవు. పనికి అంత విలువ ఇచ్చేవాడే దాన్ని ఎక్కడ ఆపాలో కూడా అంత శ్రద్ధగా ఆలోచిస్తాడు.

ఎంత శ్రద్ధగానో తెలియాలంటే లేవీయకాండం 23వ అధ్యాయం తీయాలి. పండగల పట్టిక అంతా అక్కడుంది. మొదట ఏడో రోజు, షబ్బాత్. తర్వాత పస్కాతో మొదలయ్యే పులియని రొట్టెల పండగ ఏడు రోజులు. వాటిలో మొదటి రోజు, చివరి రోజు పని మానాలి. ఏడు వారాలు లెక్కపెట్టాక వచ్చే వారాల పండగ ఒక రోజు. ఏడో నెల మొదటి రోజు బూర ఊదే పండగ, అదే ఇప్పటి రోష్ హషానా. పదో రోజు ప్రాయశ్చిత్త దినం, యోమ్ కిప్పూర్. పదిహేనో రోజు నుంచి పర్ణశాలల పండగ. దాని మొదటి రోజు, ఆ ఏడు రోజులూ అయ్యాక వచ్చే ఎనిమిదో రోజు పని లేదు. షబ్బాత్‌లు కాక ఏడాదికి ఏడు రోజులన్నమాట. రోజు సాయంత్రం మొదలై సాయంత్రం ముగుస్తుందన్న లెక్కకు ఆధారం కూడా ఇదే అధ్యాయంలో, ప్రాయశ్చిత్త దినం గురించి చెప్పేచోట ఉంది.

పైపైన చదివితే అన్ని రోజులకీ ఒకే ఆజ్ఞ అనిపిస్తుంది. ఇక్కడే పాత పండితుల చూపు పదునెక్కింది. షబ్బాత్‌కీ ప్రాయశ్చిత్త దినానికీ గ్రంథం ఏ పనీ వద్దంటుంది. మిగతా ఆరు రోజులకు మాత్రం ఒక మాట చేర్చి, బతుకుతెరువు కోసం చేసే కష్టం వద్దంటుంది. నిర్గమకాండం 12:16 ఇంకా విడమరిచి చెబుతుంది. పస్కా మొదటి రోజూ ఏడో రోజూ పని మానాలి గాని, ఎవరు తినడానికి కావలసింది వాళ్లు సిద్ధం చేసుకోవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు మీద యూదుల వంటిళ్లన్నీ నిలబడ్డాయి. పండగరోజుకూ షబ్బాత్‌కూ తేడా తిండి సిద్ధం చేసుకోవడం ఒక్కటే అని మిష్నా సూత్రం కట్టింది. మిష్నా అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంకలనం.

అందుకే పండగరోజు పొయ్యి మీద కూర ఉడకొచ్చు. కానీ తోటలోకి వెళ్లి వంకాయ కోయకూడదు, ధాన్యం విసరకూడదు. అవి ముందురోజే చేసుకోదగ్గ పనులు. వేడివేడిగా తింటేనే రుచి గనక వంట మాత్రం ఆ పూటే జరగాలి. నిప్పు కొత్తగా పుట్టించకూడదు. ముందే వెలుగుతున్న దీపం నుంచి అంటించుకోవచ్చు. షబ్బాత్ నాడైతే అదీ లేదు, ఇళ్లలో నిప్పు రాజేయొద్దని నిర్గమకాండం 35:3 తెగేసి చెప్పింది. పండగ శుక్రవారం పడితే మరో చిక్కు. మర్నాటి షబ్బాత్‌కు వంట పండగనాడు చెయ్యొచ్చా? దీనికి ఒక ఏర్పాటు ఉంది. గురువారమే ఒక రొట్టె, ఒక వండిన పదార్థం పక్కన పెడితే షబ్బాత్ వంట అప్పుడే మొదలైనట్టు లెక్క, శుక్రవారం దాన్ని కొనసాగించొచ్చు. పండగ నియమాల మీద తాల్ముద్‌లో, అంటే మిష్నా మీద పండితుల చర్చల సంకలనంలో, ఒక పూర్తి గ్రంథమే ఉంది. దాని పేరు గుడ్డు. పండగరోజు కోడి పెట్టిన గుడ్డు ఆ రోజు తినొచ్చా అన్న వాదంతో మొదలవుతుంది మరి. షమ్మాయ్ శిష్యులు తినొచ్చన్నారు, హిల్లేల్ శిష్యులు వద్దన్నారు. మన ధర్మశాస్త్ర నిబంధనల్లో తిథి ద్వయం మీద, ఏకాదశి పారణ మీద జరిగే చర్చలు విన్న తెలుగు పాఠకులకు ఈ పట్టుదల కొత్త కాదు.

ఇంతకీ 'పని' అంటే ఏది? తోరా నేరుగా జాబితా ఇవ్వదు. దున్నేటప్పుడూ కోతలప్పుడూ కూడా ఆగాలంటుంది (నిర్గమకాండం 34:21). అరణ్యంలో కట్టెలు ఏరుకున్నవాడి కథ చెబుతుంది. ఆకాశం నుంచి కురిసే ఆహారం, మన్నా, ఆరో రోజు రెండింతలు కురిసిందని చెబుతుంది. యిర్మీయా ప్రవక్త యెరూషలేము ద్వారాల గుండా బరువులు మోయొద్దంటాడు. పూర్తి జాబితా కోసం పండితులు ఇంకో దారి పట్టారు. దేవుడి గుడారం కట్టడం గురించి చెబుతున్న నిర్గమకాండం అధ్యాయాల నడుమనే, 31లోనూ 35లోనూ, షబ్బాత్ ఆజ్ఞ మళ్లీ వస్తుంది. అంత పవిత్రమైన కట్టడం కూడా ఆ రోజు ఆగాలని దాని భావం. అలాగైతే ఆ గుడారానికి ఏయే పనులు అవసరమయ్యాయో అవే నిషిద్ధ పనులు. మిష్నా లెక్క ప్రకారం అవి 39.

ఆ జాబితా చదివితే మన పల్లె కళ్లకు కడుతుంది. దున్నడం, విత్తడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, విసరడం, జల్లించడం, పిండి పిసకడం, కాల్చడం. తర్వాత ఉన్ని కత్తిరించి, ఏకి, రంగు వేసి, వడికి, నేయడం. ఆ తర్వాత జంతువును పట్టి, కోసి, తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, పదును చేసి, గీసి, కత్తిరించడం. రాయడం, కట్టడం, నిప్పు రాజేయడం, ఆర్పడం, బరువు మోయడం కూడా ఉన్నాయి. దేవుడి గుడారానికి పొట్టేళ్ల తోళ్ల కప్పు ఉండేది గనక తోలు పని ఆ పట్టికలో చేరింది. మన దేశంలో తోలు పని చేసినవాళ్లను ఊరి బయట నిలబెట్టారు. ఇక్కడ ఆ పని దేవాలయం కట్టిన పనుల వరసలో, నేతకూ వ్యవసాయానికీ పక్కనే కూర్చుంది.

ఈ మాట ఊరికే అనలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది. వాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్లు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు 1980ల చివర, 1990ల మొదట్లో ఈ సమాజాన్ని కూడగట్టారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రం తమదని వీరి నమ్మకం. అక్కడ ఒక సినగాగు ఉంది. షబ్బాత్ ప్రార్థనలు, పండగలు జరుగుతాయి. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరి మీద 2013లో ఆంగ్లంలో ఒక పుస్తకం ప్రచురించారు. ఇజ్రాయెల్ వీరిని యూదులుగా ఇంకా గుర్తించలేదు. మూలాల చర్చ చరిత్రకారులది. నన్ను పట్టి నిలిపింది వేరే సంగతి. వీరిలో చాలామంది వ్యవసాయ కూలీలు. ఆ రోజు పనికి పోకపోతే ఆ రోజు కూలి లేదు.

గుంటూరు జిల్లాలో మిరప కోతలు జోరుగా సాగే కాలంలోనే, మార్చి, ఏప్రిల్‌లలో, పస్కా వస్తుంది. కాయ ఎర్రబడ్డాక రైతు ఆగలేడు, కూలీకి ఏడాదిలో చేతి నిండా పని ఉండే రోజులు అవే. సరిగ్గా అలాంటి రోజుల్ని ఉద్దేశించే నిర్గమకాండం కోతలప్పుడూ ఆగాలంది. పని లేని రోజున విశ్రాంతి తీసుకోవడానికి చట్టం అక్కర్లేదు కదా. పైగా ఇజ్రాయెల్ బయట ఉండే యూదులు పస్కా, వారాల పండగ, పర్ణశాలల పండగలకు ఒక్కో విశ్రాంతి రోజును రెండుగా పాటిస్తారు. నెలపొడుపు చూసిన సాక్షుల కబురు దూరాలకు చేరడం ఆలస్యమయ్యే కాలం నాటి ఆచారం అది. కాబట్టి కూలీ మీద భారం ఇంకా పెరుగుతుంది. భూమి ఉన్నవాడు భక్తితో సెలవు పెడతాడు, భూమి లేనివాడు అదే భక్తికి ఆకలితో వెల కడతాడు.

ధర్మశాస్త్రం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పస్కాకూ పర్ణశాలల పండగకూ మొదటి రోజుకూ చివరి రోజుకూ నడుమ వచ్చే రోజులున్నాయి. ఆ మధ్యరోజుల్లో ఏ పని చెయ్యొచ్చో తోరా విడిగా చెప్పలేదు, తేల్చే బాధ్యత పండితులకు వదిలేసింది అంటుంది తాల్ముద్. వాళ్లు ఏం తేల్చారు? ఆపితే నష్టపోయే పని చెయ్యొచ్చు. నీళ్లు పెట్టకపోతే ఎండిపోయే పొలానికి నీళ్లు పెట్టొచ్చు. ఇక అన్నిటికన్నా విలువైనది, తినడానికి లేని కూలీ పని చేసుకోవచ్చు. అతని కోసం అతనికి పని ఇవ్వడమూ తప్పు కాదు. ఈ నియమం చదివిన ప్రతిసారీ నాకు ఆ పండితుల మీద గౌరవం పెరుగుతుంది. చేబ్రోలు మిరప చేను వాళ్లు చూసి ఉండరు. అలాంటి చేనులో నిలబడిన మనిషిని మాత్రం చూశారు.

ప్రాణం సంగతి వస్తే ఇంకా స్పష్టం. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు పాలకుల సైన్యం షబ్బాత్ నాడు మీద పడితే, ఆయుధం పట్టకుండా చనిపోయినవాళ్ల కథ మక్కబీయుల మొదటి గ్రంథంలో ఉంది. ఆ తర్వాతే తిరుగుబాటు నాయకుడు మత్తతియా బృందం, ఆ రోజైనా మీదికొస్తే పోరాడతామని తీర్మానించుకుంది. నియమాలను పాటించి బతకాలని లేవీయకాండం 18:5 చెప్పింది గనక, ప్రాణాపాయంలో షబ్బాత్ నియమం పక్కకు తప్పుకుంటుందని తాల్ముద్ స్థిరపరిచింది. ఆస్పత్రి, కాన్పు, అగ్నిప్రమాదం, వేటికీ అడ్డు లేదు.

అన్ని పండగలూ పని ఆపించవు. పూరీము పండగ కథ ఎస్తేరు గ్రంథంలో ఉంది. 9వ అధ్యాయంలో మొదట విందు, సంతోషం, శుభదినం అని మూడూ కనిపిస్తాయి. కొన్ని వచనాల తర్వాత ప్రజలు ఒప్పుకున్న ఆచారంగా చెప్పేటప్పుడు శుభదినం అన్న మాట రాదు. విందును జనం స్వీకరించారు, పని మానడాన్ని స్వీకరించలేదు అని పండితులు అర్థం చెప్పారు. హనుక్కా హెబ్రీ గ్రంథంలోనే లేదు గనక ఆ ఎనిమిది రోజులూ పనులు యథాప్రకారం సాగుతాయి. దేవుడి ఆజ్ఞ సరే, జనం ఏది ఒప్పుకున్నారో కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

మన దేశంలో ఈ నియమాలు గ్రంథం చేతిలో లేని కాలంలోనూ బతికాయి. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదులు తరతరాలుగా గానుగ ఆడి నూనె అమ్మేవారు. హెబ్రీ భాష దాదాపు మరిచిపోయారు. శనివారం గానుగ ఆపడం మాత్రం మరవలేదు. చుట్టుపక్కల మరాఠీ జనం వాళ్లను శనివార్ తేలీలు, అంటే శనివారం గానుగవాళ్లు అని పిలిచారు. ప్రాయశ్చిత్త దినాన్ని వాళ్లు తలుపులు మూసే పండగ అనేవారు. ఆ రోజు తెల్లబట్టలు కట్టి, ఇంటి తలుపులు మూసుకుని ఉపవాసం ఉండేవారు. ప్రార్థన పాఠాలు పోయినా, చేతులు ఎప్పుడు ఆపాలో తెలిసిన జ్ఞానం నిలిచింది.

మళ్లీ సంత దగ్గరికి వద్దాం, ఈసారి యెరూషలేములో. నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం చదవండి. విశ్రాంతిదినాన ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు, గాడిదల మీద ధాన్యం తెస్తున్నారు, తూరు పట్టణం వాళ్లు చేపలు అమ్ముతున్నారు. నెహెమ్యా చీకటి పడేవేళకే ద్వారాలు మూయించాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రి గడిపి చూశారు. ఆయన నిందించింది ముందుగా ఊరి పెద్దలను. ఆమోసు ప్రవక్త కోపం కూడా అటే. విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా, దొంగ తూకాలతో ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసే వర్తకుల మీద అది. పేదవాడి బుట్ట మీద కాదు.

అసలు ఆజ్ఞలోనే ఈ మొగ్గు ఉంది. పది ఆజ్ఞలు తోరాలో రెండుచోట్ల వస్తాయి. నిర్గమకాండం 20లో షబ్బాత్‌కు కారణం సృష్టి, దేవుడు ఏడో రోజు ఆగాడు. ద్వితీయోపదేశకాండం 5లో కారణం బానిసత్వం. ఐగుప్తులో నువ్వూ దాసుడివే, గుర్తుంచుకో, నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి. నిర్గమకాండం 23:12 ఇంకొంచెం దూరం వెళ్లి, ఎద్దు, గాడిద, దాసీ కొడుకు, పరదేశి ఊపిరి పీల్చుకోవడానికే ఏడో రోజు అంటుంది. జాబితాలో చివరనున్నవాళ్ల కోసమే చట్టం అన్నమాట.

ఆ చివరి వరసలో ఇప్పుడు తెలుగువాళ్లు కూడా ఉన్నారు. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలో ఉంటూ సేవ చేస్తున్నవాళ్లు. శుక్రవారం పొద్దుగూకక ముందే దీపాలు వెలిగించడం, వేడి పలక మీద వంట పెట్టడం, ఆపై స్విచ్చి ముట్టుకోకపోవడం వారం వారం చూసేవాళ్లు వీళ్లు. యూదుడు తాను చేయకూడని పనిని అన్యుడితో చేయించుకోవచ్చా అంటే, సాధారణంగా కూడదనే ధర్మశాస్త్రం చెబుతుంది. రోగి అవసరమైతే వేరు. నిర్గమకాండం 12:16లో పని 'జరగకూడదు' అన్న ధోరణిని కొందరు వ్యాఖ్యాతలు దీనికి ఆధారంగా చూపారు. ఇజ్రాయెల్ 1951 నాటి పనిగంటలు, విశ్రాంతి చట్టం వారానికి 36 గంటల విశ్రాంతి ఇచ్చి, యూదులు కానివాళ్లు శుక్ర, శని, ఆదివారాల్లో తమ ఆచారానికి తగ్గది ఎంచుకునే వీలు కల్పించింది. మంచి చట్టం. అయితే ఇంట్లోనే ఉండి సేవ చేసే సహాయకులకు ఆ చట్టంలోని ఓవర్‌టైం నిబంధనలు వర్తించవని 2013లో అక్కడి సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. పరదేశిని, దాసీ కొడుకును పేరుపెట్టి తలచుకున్న గ్రంథం పుట్టిన నేల మీద ఇది లోటే అని నేను అనుకుంటున్నాను.

ఆ మాట అనే హక్కు మనకుందా అని అడిగితే, లేదనే చెప్పాలి. ఇంటిపని చేసేవాళ్లకు వారానికి కనీసం 24 గంటలు ఏకధాటి విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికలో రాసింది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. మిల్లు కార్మికుల నెత్తురుతో పనిగంటలు సాధించిన పుదుచ్చేరిలోనూ, యానాంలోనూ, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనిమనిషి సెలవు ఆ ఇంటి యజమానురాలి మాట మీదే ఆధారపడి ఉంది. పండగొస్తే ఆమెకు పని రెట్టింపవుతుంది. సంక్రాంతికి మన పిండివంటల గిన్నెలు తోమాకే ఆమె తన ముగ్గు వేసుకోవాలి.

ఈ కథనం మీరు చదువుతున్న వేళకు మీ ఇంట్లో ఒకామె గిన్నెలు తోముతూ ఉండొచ్చు. వారంలో ఏ రోజు సెలవు కావాలో ఆమెనే అడగండి. ఆ రోజుకు జీతం కోయకండి.